ఆఫ్-రోడ్ బైక్‌కి ఆటో క్లచ్: బిగించడం, సెట్ చేయడం, నడపడం

ఉదయగిరి వైపు రాళ్ల దారిలో నాలుగుసార్లు బండి ఆగిపోయి, కిక్ కొట్టీ కొట్టీ చెమటలు పట్టినవాళ్లంతా అడిగేది ఒకటే: "ఆటో క్లచ్ వేయిస్తే ఈ గోల తప్పుతుందా అన్నా?" తప్పుతుంది, సెట్టింగ్ సరిగ్గా కుదిరితే. కిట్ బిగించడం ఒక పూట పని. నట్లు విప్పడం వచ్చినవాళ్లు ఎవరైనా చేయగలరు. ఆ తర్వాత లివర్ దగ్గర మూడు మిల్లీమీటర్ల కదలికను సరిచూసుకోవడమే అసలు పని. ఆ పని చేయకుండా వారం తిరిగి, ప్లేట్లు కాల్చుకుని, కిట్ మంచిది కాదని తీసేసేవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ బిగింపు కంటే సెట్టింగ్‌కి ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇది రెక్లూస్ అనే కంపెనీ చేసే తరహా మెకానికల్ ఆటో క్లచ్ గురించి. హోండా ఈ-క్లచ్ లాంటి మోటార్లతో పనిచేసే ఎలక్ట్రానిక్ పద్ధతి వేరు, దానికి ఇందులో ఏదీ వర్తించదు.

1. లోపల ఏం జరుగుతుంది

టీవీఎస్ ఎక్సెల్ నడిపినవాళ్లకు సూత్రం కొత్తకాదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే బండి నిలబడుతుంది, ఎక్సిలేటర్ ఇస్తే కదులుతుంది. ఇక్కడ తేడా ఏమిటంటే గేర్లు ఉంటాయి, క్లచ్ లివర్ కూడా ఉంటుంది. కావాలంటే పట్టుకోవచ్చు, లేకపోతే వదిలేయొచ్చు.

మామూలు క్లచ్ ప్లేట్ల మధ్య ఒక ప్రత్యేకమైన డిస్క్ వస్తుంది. అందులో చిన్న బరువులు, స్ప్రింగులు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి జరిగి వాలు మీదకి ఎక్కుతాయి, డిస్క్ మందం పెరుగుతుంది, ప్లేట్లు ఒకదానికొకటి నొక్కుకుని బండి కదులుతుంది. వేగం తగ్గితే స్ప్రింగులు బరువులను వెనక్కి లాగుతాయి, క్లచ్ విడిపోతుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి, కింద సెట్టింగ్ మొత్తం దీని మీదే నడుస్తుంది. ఐడిల్‌లో క్లచ్ విడిపోయి ఉండాలంటే ప్లేట్ల మధ్య కొంచెం గ్యాప్ కావాలి. ఆ గ్యాప్ కోసం కేబుల్ గానీ, హైడ్రాలిక్ క్లచ్ అయితే స్లేవ్ సిలిండర్ (లివర్ పంపే ద్రవ ఒత్తిడితో క్లచ్‌ను నెట్టేది) గానీ ప్రెషర్ ప్లేట్‌ను, అంటే మిగతా ప్లేట్లను పైనుంచి నొక్కి ఉంచేదాన్ని, ఎప్పుడూ కాస్త ఎత్తి పట్టుకుని ఉంటుంది. డిస్క్ ఉబ్బినప్పుడు ముందు ఆ గ్యాప్ నిండుతుంది, తర్వాత ప్రెషర్ ప్లేట్ ఇంకొంచెం పైకి లేస్తుంది. అప్పుడు లివర్‌కి వదులు వస్తుంది. ఆ వదులే మన కొలత.

2. మీ బండికి కుదిరే కిట్ ఉందా

డబ్బు కట్టే ముందు మోడల్ పేరుతో పాటు తయారైన సంవత్సరం కూడా కిట్ జాబితాలో సరిపోల్చుకోండి. ఒకే మోడల్‌కి మధ్యలో క్లచ్ మారిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

కేటీఎం 390 అడ్వెంచర్, హిమాలయన్ 450, ఎక్స్‌పల్స్ 210 లాంటి బళ్లలో స్లిప్పర్ క్లచ్ (గేర్ దించినప్పుడు వెనక చక్రం పట్టేయకుండా కాస్త జారేది) ఉంటుంది. దాని హబ్ (ప్లేట్లు కూర్చునే మధ్య భాగం), ప్రెషర్ ప్లేట్ ఆకారమే వేరు. "ఏ కిట్ అయినా లేత్‌లో సర్దేస్తాం" అనే మాట వినిపిస్తే ఆ షాపులోంచి బయటికి వచ్చేయండి. కొన్ని కేటీఎం ఎండ్యూరో (అడవి, కొండ దారుల పందేలకు చేసిన) బళ్లలో కాయిల్ స్ప్రింగుల బదులు ఒకే డయాఫ్రం స్ప్రింగ్ ఉంటుంది, వాటికీ కిట్ వేరు.

కిట్‌లు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి, బండితో వచ్చిన హబ్‌నే ఉంచి ప్లేట్లు, డిస్క్ (హైడ్రాలిక్ అయితే స్లేవ్ సిలిండర్ కూడా) మార్చేది. రెండోది, హబ్, ప్రెషర్ ప్లేట్ కూడా కొత్తవి వచ్చేది. మొదటిసారి వేసేవాళ్లకు మొదటి రకమే చాలు. సెంటర్ నట్టు విప్పే పని ఉండదు, ఖర్చు తక్కువ, నచ్చకపోతే వెనక్కి మార్చుకోవడం తేలిక.

బండి వారంటీలో ఉంటే ఇంజిన్ కవర్ తెరిచాక వారంటీ నిలుస్తుందో లేదో షోరూంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

3. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్, కిట్‌తో వచ్చిన సెటప్ షీట్
- చిన్న టార్క్ రెంచ్ (5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య చూపించేది)
- అలెన్ కీలు, టీ పానాలు, ప్లాస్టిక్ సుత్తి
- కొత్త క్లచ్ కవర్ ప్యాకింగ్
- వెట్ క్లచ్‌కి (ఆయిల్‌లో తడుస్తూ పనిచేసే క్లచ్) పనికొచ్చే ఇంజిన్ ఆయిల్: డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అనే రకం గుర్తు ఉండాలి
- ప్లేట్లు నానబెట్టడానికి వెడల్పాటి పళ్లెం
- నూలు పోగులు రాలని గుడ్డలు
- పలచటి రబ్బర్ బ్యాండ్లు నాలుగైదు

కారు ఆయిల్ పోయకండి. స్కూటర్లకు వచ్చే ఎంబీ రకం కూడా వద్దు. ఎంబీ రకంలోనూ చాలా కార్ ఆయిళ్లలోనూ రాపిడి తగ్గించే గుణం ఎక్కువ, ప్లేట్లు జారిపోతాయి.

4. విప్పడం

ముందు బండిని బాగా కడగండి. చక్రాల సందుల్లో పెన్నా ఇసుక పెట్టుకుని ఇంజిన్ తెరిస్తే, ఆ ఇసుక నేరుగా బేరింగుల్లోకి పోతుంది.

చాలా బళ్లకు క్లచ్ కుడివైపు ఉంటుంది. బండిని ఎడమవైపుకి పడుకోబెడితే ఆయిల్ దించకుండానే పని జరుగుతుంది. పెట్రోల్ కారకుండా చూసుకోండి. ఎలాగూ ఆయిల్ మార్చాల్సిన సమయమైతే మాత్రం దించేయడమే శుభ్రం.

కవర్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడుగు బోల్టు పొట్టిదాని చోట వేసి బిగిస్తే కేసు పగులుతుంది.

ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఒక్కోటి ఒకేసారి పూర్తిగా విప్పకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. ప్లేట్లు తీసేటప్పుడు వరుస తప్పకుండా ఒక తీగకి గుచ్చి పెట్టుకోండి. పాతవి పారేయకండి.

ఇప్పుడు ప్లేట్లన్నీ కూర్చునే గిన్నె లాంటి బాస్కెట్ వేళ్లు చూడండి. ప్లేట్ల చెవులు కొట్టుకుని గాట్లు పడి ఉంటే గోటితో తడిమితే తగులుతాయి. పలచటి గాట్లయితే చదును ఆకురాయితో నునుపు చేయొచ్చు, కానీ రజను లోపల పడకుండా గుడ్డలు కుక్కి చేయాలి. గోరు ఇరుక్కునేంత లోతుంటే బాస్కెట్ మార్చాల్సిందే. మామూలు క్లచ్ ఈ గాట్లను కొంత ఓర్చుకుంటుంది, ఆటో క్లచ్ ఓర్చుకోదు. ప్లేట్లు అక్కడ ఇరుక్కుని, ఐడిల్‌లో బండి ముందుకి పాకుతుంది.

5. ప్లేట్లు పేర్చడం

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను (రాపిడి పూత ఉన్నవి) ఇంజిన్‌లో పోసే ఆయిల్‌లోనే నానబెట్టండి. ఐదు నిమిషాలు కనీసం. టీ తాగి వచ్చేదాకా ఉంచితే ఇంకా మంచిది. పొడి ప్లేట్లు వేస్తే మొదటి పది నిమిషాల్లోనే మాడతాయి.

వరుస విషయంలో సెటప్ షీట్ చెప్పిందే వేదం. డిస్క్ ఎన్నో స్థానంలో వస్తుంది, దాని పక్కన ఏ మందం స్టీల్ ప్లేట్ వేయాలి అనేవి బండిని బట్టి మారతాయి. యూట్యూబ్‌లో ఇంకో బండికి చూసి వేయకండి.

చాలా బళ్లలో హబ్ అడుగున జడ్డర్ స్ప్రింగ్ (కుదుపులు తగ్గించే పలచటి స్ప్రింగ్), దాని కింద సన్నటి రింగు ఉంటాయి. కొన్ని కిట్‌లకు ఇవి తీసేయాలి, కొన్నిటికి ఉంచాలి. మన దగ్గర మెకానిక్‌లు అలవాటుకొద్దీ తిరిగి పెట్టేస్తారు, కాబట్టి పక్కనే నిలబడి చూడండి. తీయాల్సినవి ఉండిపోతే ప్లేట్ల వరుస మందం మారిపోతుంది, తర్వాత ఎంత సెట్ చేసినా కుదరదు.

ప్రెషర్ ప్లేట్ పెట్టే ముందు మధ్యలో త్రోఅవుట్ బేరింగ్ (ప్రెషర్ ప్లేట్‌ను నెట్టే చోట ఉండేది), దాని వాషర్ ఉన్నాయో లేదో వేలితో తాకి చూడండి. అవి బల్ల మీదే మిగిలిపోవడం ప్రతి గ్యారేజీలోనూ జరిగేదే.

ప్రెషర్ ప్లేట్ హబ్ పళ్లలో పూర్తిగా కూర్చున్నాకే బోల్టులు బిగించాలి. చేత్తో అటూ ఇటూ తిప్పితే "టక్" మని దిగుతుంది. దిగకుండా బోల్టులతో లాగితే హబ్ స్తంభాలు విరుగుతాయి. బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో. ఈ సైజు బోల్టులకు మామూలుగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే తీసుకోండి.

కవర్ మూసే ముందు ఒకసారి:

- ప్లేట్ల వరుస షీట్‌తో సరిపోయిందా
- త్రోఅవుట్ బేరింగ్ లోపల ఉందా
- బల్ల మీద మిగిలిన వాషర్లు, రింగులు పాతవేనా
- పాత ప్యాకింగ్ ముక్కలు గీకేశారా
- లివర్ పట్టుకుంటే ప్రెషర్ ప్లేట్ సమంగా లేస్తోందా

కవర్ బిగించి, హైడ్రాలిక్ అయితే కిట్‌తో వచ్చిన స్లేవ్ సిలిండర్ కూడా షీట్ ప్రకారం వేసి, బండి నిలబెట్టి ఆయిల్ మట్టం సరిచూడండి. ఇంకా గేర్ వేయకండి.

6. గ్యాప్ సెట్టింగ్: రబ్బర్ బ్యాండ్ పరీక్ష

దీనికి ఒక సాయంత్రం మొత్తం పెట్టుకోండి. తొందరగా ఎక్కడికో వెళ్లాల్సిన రోజున చేయకండి.

అ) న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. చల్లటి ఇంజిన్ మీద తీసుకున్న కొలత పనికిరాదు.

ఆ) రబ్బర్ బ్యాండ్‌ను క్లచ్ లివర్ చివర, హ్యాండిల్ గ్రిప్ కలిపి చుట్టండి. లివర్‌కి ఉన్న కొద్దిపాటి వదులును లాగిపట్టేంత బిగువు చాలు. మందపాటి బ్యాండ్ వేస్తే అదే క్లచ్‌ను లాగేసి కొలత తప్పిస్తుంది.

ఇ) న్యూట్రల్‌లోనే ఉంచి, చురుగ్గా 5,000 ఆర్‌పీఎం దాకా రేజ్ ఇవ్వండి. కళ్లు లివర్ చివరి గుండు మీద ఉండాలి.

ఈ) లివర్ గ్రిప్ వైపుకి కదలాలి. ఆ కదలిక సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటే సెట్టింగ్ కుదిరినట్టు. దీన్నే కిట్ పుస్తకాల్లో ఫ్రీ ప్లే గెయిన్ అంటారు.

కదలిక తక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా గ్యాప్ ఎక్కువైనట్టు. డిస్క్ ఉబ్బినా ప్లేట్లను గట్టిగా నొక్కలేకపోతోంది. ఈ స్థితిలో బండి నడిపితే క్లచ్ జారి కాలిపోతుంది. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ కొంచెం వదులు చేయండి. హైడ్రాలిక్ అయితే కిట్‌తో వచ్చిన స్లేవ్ సిలిండర్ స్క్రూను కొంచెం బయటికి తిప్పండి.

కదలిక ఎక్కువగా ఉండి, గేర్ వేయగానే బండి ముందుకి పాకుతుంటే గ్యాప్ చాలనట్టు. కేబుల్ కొంచెం బిగించండి, లేదా స్లేవ్ స్క్రూను లోపలికి తిప్పండి.

ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతుకి మించి తిప్పొద్దు. తిప్పిన ప్రతిసారీ లివర్‌ను నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదిలి, మళ్లీ బ్యాండ్ పరీక్ష చేయండి. ఈ ఓపిక లేనివాళ్లే అర చుట్టు తిప్పి, అటు నుంచి ఇటు దాటిపోయి, టెన్షన్ పడుతుంటారు.

పాకడానికీ జారడానికీ మధ్య ఎటూ తేలకపోతే, నేనైతే కాస్త పాకే వైపే ఉంచుతాను. పాకితే చిరాకు. జారితే ప్లేట్ల ఖర్చు.

గేర్ వేసి చూసేటప్పుడు ముందు చక్రం గోడకేసి ఆనించవద్దు. ఖాళీ స్థలంలో, బండి మీద కూర్చుని, రెండు బ్రేకులూ పట్టుకుని వేయండి.

7. ఐడిల్, స్ప్రింగులు

గ్యాప్ కుదిరాక ఐడిల్. చాలా 4 స్ట్రోక్ ఎండ్యూరోలకు 1,700 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య సరిపోతుంది. అంతకంటే దిగువకి పోతే ఎక్సిలేటర్ మూయగానే ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు ఆటో క్లచ్ వేసుకున్న ప్రయోజనమే లేదు. మరీ పెంచితే డిస్క్ ఐడిల్‌లోనే సగం ఉబ్బి పాకుతుంది. ఐడిల్‌ను ఈసీయూయే (ఇంజిన్ కంప్యూటర్) చూసుకునే బళ్లలో స్క్రూ ఉండదు, అక్కడ డిస్క్ స్ప్రింగులే మార్గం.

మెత్తటి స్ప్రింగులు వేస్తే తక్కువ ఆర్‌పీఎంలోనే క్లచ్ పడుతుంది, గట్టివి వేస్తే ఆలస్యంగా. కిట్‌తో వచ్చిన మధ్యరకం సెట్టింగ్‌తోనే మొదలుపెట్టి, నెల రోజులు నడిపాకే మార్చాలా అని ఆలోచించండి. మొదటి రోజే స్ప్రింగులు మార్చమనేవాళ్ల సలహా వినకండి.

8. మొదటి పరుగు

న్యూట్రల్‌లో పదిసార్లు మెల్లగా రేజ్ ఇచ్చి, ప్రతిసారీ పూర్తిగా ఐడిల్‌కి రానివ్వండి. తర్వాత ఖాళీ మైదానంలో మొదటి గేర్‌లో కదలడం, ఆగడం. రెండో గేర్‌లో కదలడం, ఆగడం. లివర్ ముట్టుకోకుండా చేయండి. ఆపైన పై గేర్లకి ఎక్కుతూ దిగుతూ కాసేపు తిరగండి.

ఒక తిన్నటి దారిలో నాలుగో గేర్‌లో ఎక్సిలేటర్ పూర్తిగా ఇవ్వండి. ఇంజిన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. అక్కడే ఆపి మళ్లీ గ్యాప్ చూడండి, ఇంటిదాకా నడిపి చూద్దామనుకోవద్దు.

ఇల్లు చేరాక, వేడి మీదే ఇంకోసారి రబ్బర్ బ్యాండ్ పరీక్ష. ప్లేట్లు సర్దుకున్నాక కొలత మారడం మామూలే.

9. ఈ బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ ఉండదు

ఈ భాగం మీతో పాటు మీ ఇంట్లోవాళ్లకీ వర్తిస్తుంది.

గేర్‌లో ఉండి ఐడిల్‌లో నడుస్తున్న బండి చూసేవాళ్లకి న్యూట్రల్‌లో ఉన్నట్టే ఉంటుంది. పక్కన నిలబడి ఎవరైనా సరదాగా ఎక్సిలేటర్ తిప్పితే బండి మీదకి దూకుతుంది. ఊరి టీకొట్టు దగ్గర ఆపితే పిల్లలు చుట్టూ మూగి చేసే మొదటి పని హ్యాండిల్ తిప్పడమే. చాలా ఎండ్యూరో బళ్లకు తాళం కూడా ఉండదు. దిగే ముందు ఇంజిన్ ఆపాలి. ఇందులో మినహాయింపు లేదు.

ఇంకో మూడు విషయాలు:

- గేర్‌లో పెట్టి నిలిపితే బండి ఆగదు, వాలులో జారిపోతుంది. ఇంజిన్ ఆగితే క్లచ్ విడిపోయి ఉంటుంది. ముందు బ్రేక్ లివర్‌ను కట్టేయడానికి ఒక వెల్‌క్రో పట్టీ హ్యాండిల్‌కే చుట్టి పెట్టుకోండి.
- తోసి స్టార్ట్ చేయడం కుదరదు. కిక్ లేని బండి అయితే జేబులో పట్టే జంప్ స్టార్టర్ తప్పనిసరి.
- కేఎల్‌ఎక్స్ 450ఆర్ లాంటి, రోడ్డు రిజిస్ట్రేషన్ లేని బళ్లను టాటా ఏస్‌లో తీసుకెళ్తాం కదా. గేర్ వేసి వదిలేస్తే ఆగుతుందనుకోవద్దు. ముందు చక్రం తొట్టి గోడకి ఆనించి, రెండు వైపులా బెల్టులతో బిగించాల్సిందే.

10. నడపడం

రాళ్లు, ఎక్కుడు దారి: దీని అసలు ఉపయోగం ఇక్కడే. రెండో గేర్‌లో ఉండండి. రాయి ముందు బండి నిదానించినా ఇంజిన్ ఆగదు, ఎక్సిలేటర్ ఇస్తే ఎక్కుతుంది. మధ్యలో నిలబడిపోతే బ్రేక్ పట్టి, చూపు దారి మీద పెట్టి, ఎక్సిలేటర్ ఇస్తూ బ్రేక్ మెల్లగా వదలండి. ఎక్సిలేటర్ మూసి బ్రేక్ కూడా వదిలితే బండి వెనక్కి దొర్లుతుంది.

ఇసుక: పెన్నా ఏట్లోనూ మైపాడు తీరంలోనూ క్లచ్ కాల్చుకోవడానికి దగ్గర దారి, మూడో గేర్‌లో తక్కువ వేగంతో ఈడ్చుకుపోవడం. క్లచ్ పూర్తిగా పడదు, సగం జారుతూ వేడెక్కుతుంది. ఒక గేర్ తగ్గించి ఇంజిన్‌ను హుషారుగా తిప్పండి. చక్రం కూరుకుపోతే రేజ్ ఇస్తూ కూర్చోకండి. ఇంజిన్ ఆపి, దిగి, లాగండి. కాలిన వాసన వస్తే ఇంజిన్ ఆపి పావుగంట నీడలో ఉంచండి. జనవరి నుంచి మార్చి మధ్య ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో తీరం ఇసుక వదిలేయండి.

సరుగుడు, జామాయిలు తోటలు: చెట్ల మధ్య ఇరుకు మలుపుల్లో వెనక బ్రేక్ గట్టిగా తొక్కినా ఇంజిన్ ఆగదు. బ్రేక్ మీద కాలు ఉంచి, కొంచెం ఎక్సిలేటర్ ఇస్తూ తిప్పడం సాధన చేయండి. తోట యజమానికి చెప్పి వెళ్లండి.

దిగుడు దారి: కొత్తవాళ్లు పడేది ఇక్కడే. ఎక్సిలేటర్ పూర్తిగా మూసి నెమ్మదిగా దిగితే ఆర్‌పీఎం పడిపోయి క్లచ్ విడిపోతుంది, బండి ఒక్కసారిగా స్వేచ్ఛగా జారుతుంది. దిగడం మొదలుపెట్టే ముందే కొంచెం వేగం ఉంచుకోండి. ఇంజిన్ బ్రేకింగ్ పోయినట్టు అనిపిస్తే చిన్నగా ఒక రేజ్ ఇస్తే క్లచ్ మళ్లీ పడుతుంది. ఇంజిన్ ఆపేసి కొండ దిగే అలవాటు ఉంటే పూర్తిగా మానేయండి, బ్రేకులు తప్ప ఇంకేమీ పట్టుకోదు.

అడ్డం పడిన దుంగ మీద ముందు చక్రం లేపాలంటే మాత్రం లివర్ వాడండి. ఆటో ఉంది కదా అని వేలు పూర్తిగా తీసేయడం నాకు నచ్చదు, ఒక వేలు లివర్ మీద ఉండాల్సిందే.

పెంచలకోన చుట్టూ ఉన్న అడవి శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం, అందులో బళ్లు తిప్పకూడదు. చీమకుర్తి క్వారీల్లో పేలుళ్లు జరుగుతుంటాయి, అనుమతి లేకుండా అడుగుపెట్టొద్దు.

11. తేడా వస్తే ఎక్కడ చూడాలి

ఉదయం చల్లటి ఇంజిన్ మీద గేర్ వేయగానే బండి ఎగిరిపడితే కంగారు వద్దు. ఆయిల్ చిక్కగా ఉండి ప్లేట్లు అతుక్కుంటాయి. లివర్ పట్టుకుని గేర్ వేయండి.

వేడెక్కాక కూడా పాకుతుంటే ముందు ఐడిల్ చూడండి, తర్వాత గ్యాప్, ఆ తర్వాత బాస్కెట్ గాట్లు. ఈ వరుస తప్పితే అనవసరంగా కవర్ విప్పుతారు.

కదిలేటప్పుడు కుదుపులు వస్తే చాలావరకు ఆయిల్ తేడా, లేదా ప్లేట్లు ఇంకా సర్దుకోలేదు. ఆయిల్ మార్చి, నాలుగు రోజులు చూడండి.

న్యూట్రల్ దొరక్కపోతే గ్యాప్ చాలడం లేదు.

నిన్నటిదాకా బాగుండి ఇవాళ జారుతుంటే ప్లేట్లు అరిగి గ్యాప్ పెరిగింది. బ్యాండ్ పరీక్ష చేసి సర్దండి. స్క్రూ చివరిదాకా తిప్పినా 3 మిల్లీమీటర్లు రాకపోతే ప్లేట్లు మార్చే సమయం వచ్చినట్టే.

12. తర్వాతి సంరక్షణ

బయలుదేరిన ప్రతిసారీ ఇంజిన్ వేడెక్కాక రబ్బర్ బ్యాండ్ పరీక్ష, అర నిమిషం పని. మొదటి రెండు మూడు రైడ్‌ల తర్వాత ఆయిల్ మార్చేయండి, కొత్త ప్లేట్ల రజను అందులోనే ఉంటుంది. ఆ తర్వాత మాన్యువల్ చెప్పిన గంటల కంటే కాస్త ముందే మార్చండి. రోహిణి కార్తె ఎండల్లో నెమ్మదిగా రాళ్లలో తిరిగితే ఆయిల్ త్వరగా దెబ్బతింటుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున వెళ్లి ఎనిమిదిలోపు తిరిగొచ్చేయడం మేలు.

తీసేసిన పాత ప్లేట్లకు ఆయిల్ రాసి, వరుస చెదరకుండా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి దాచండి. పాత స్లేవ్ సిలిండర్, జడ్డర్ స్ప్రింగ్ కూడా అందులోనే పెట్టి, పైన బండి పేరు రాయండి. బండి అమ్మేటప్పుడు చాలామంది మామూలు క్లచ్చే అడుగుతారు, అప్పుడు కిట్ తీసి మీ తర్వాతి బండికి కుదిరితే దానికి వాడుకోవచ్చు.